పై విధంగానే

మా పెద్దమ్మకు ఎనభై ఏళ్ళు నిండాయన్న సంగతి నాకు ఒక మంగళవారం పొద్దున ఆవిడ సిస్టర్‌గా ఉంటున్న క్రైస్తవ మఠం నోటీసు బోర్డు చూస్తే తెలిసింది. సోమవారం సాయంత్రం దాకా ఆవిడకు డెబ్బై రెండే. అమ్మకు అరవై తొమ్మిది, పెద్దమ్మ అమ్మకంటే మూడేళ్ళు పెద్ద. ఈ లెక్క మా ఇంట్లో పిల్లలకు ఎక్కాలకంటే ముందు నేర్పిస్తారు, ఎందుకంటే తన వయసు ఎవరైనా ఒక్క ఏడాది ఎక్కువ చెప్పినా అమ్మ ఊరుకోదు.

బోర్డు మీద ఉన్నవి రెండే వాక్యాలు. "వంటగది సిస్టర్‌కు ఎనభై సంవత్సరములు నిండినందున నియమం ప్రకారం విశ్రాంతి గృహానికి పంపబడుచున్నారు. వచ్చే సోమవారం ప్రయాణం." కింద మఠాన్ని నడిపే మదర్ సంతకం. వంటగది సిస్టర్ అంటే మా పెద్దమ్మే.

విశ్రాంతి గృహం అంటే అదే మఠానికి చెందిన, నాలుగు గంటల బస్సు దూరంలో ఉన్న ఇంకో భవనం. మంచం పట్టిన సిస్టర్లూ, పట్టబోయే సిస్టర్లూ అక్కడ ఉంటారు. అక్కడికి పంపినవాళ్ళు ఏ పనీ ముట్టుకోకూడదు. ముట్టుకుంటే ప్రేమగా కోప్పడి కూర్చోబెడతారు. అక్కడి నుంచి తిరిగొచ్చిన మనిషి గురించి నేనైతే వినలేదు.

నేను మఠంలో మనిషిని కాను. ఇరవై ఏళ్ళుగా ఒక టైపింగ్ షాపులో పని చేస్తున్నాను. సిస్టర్లందరి ఫైళ్ళూ కంప్యూటర్లోకి ఎక్కించాలని వాళ్ళ పెద్ద మఠం నుంచి ఉత్తరం వచ్చింది. ఒక సిస్టర్ ఇంకో సిస్టర్ ఫైలు చదవకూడదని నియమం. తన ఫైలు తాను అసలే చదవకూడదు. అందుకని ఎవరితోనూ ఏ సంబంధమూ లేని బయటి మనిషి కావలసి వచ్చింది. అలాంటి మనిషి కోసం ఊరంతా వెతికి, చివరికి వంటగది సిస్టర్ చెల్లెలి కూతుర్ని పెట్టుకున్నారు.

ఫైళ్ళకు కాపలా ఇంకొక సిస్టర్. రెండు ఇనప బీరువాల తాళాలు నడుముకు కట్టుకుని తిరిగేది కాబట్టి అందరూ ఆవిడ్ని బీరువా సిస్టర్ అనేవారు. మొదటి రోజే నా చేత ఒక కాగితం మీద సంతకం పెట్టించుకుంది. ఇక్కడ చూసింది బయట చెప్పను అని.

"మీ పెద్దమ్మ ఫైలు కూడా వస్తుంది. అది మాత్రం చదవకు," అంది.

"చదవకుండా టైపు ఎలా చెయ్యను సిస్టర్?"

"అక్షరాలు చూడు. అర్థం చూడకు."

ఆ మాట ఆవిడ నవ్వకుండానే అంది. రెండు నెలలుగా నేను నలభై ఫైళ్ళ అక్షరాలు చూశాను. అర్థాలు వాటంతటవే కనబడ్డాయి, అందులో నా తప్పు లేదు. ప్రతి ఫైల్లోనూ మొదటి పేజీలో పుట్టిన తేదీ, తల్లిదండ్రులు, తోబుట్టువులు. తరువాత ఏడాదికి ఒక వరస చొప్పున, ఆ సిస్టర్ గురించి ఆ ఏటి మదర్ రాసిన అభిప్రాయం. ఒకరికి "నిదానం ఎక్కువ", ఇంకొకరికి "ప్రార్థనలో ఆవులింతలు". ఎవరికి ఏ పని ఇవ్వాలో, ఎవర్ని ఎక్కడికి పంపాలో ఆ వరసలు చూసే తేల్చేవారు.

నోటీసు చూసి తిన్నగా వంటగదికి వెళ్ళాను. పెద్దమ్మ తన నడుమంత గంగాళంలోకి వంగి అడుగు తోముతోంది.

"పెద్దమ్మా, నీకు ఎనభై అట!"

"అటే. నేనూ బోర్డు మీదే చదువుకున్నాను."

"కాదని చెప్పలేదా?"

"చెప్పాను. 'నాకింకా డెబ్బై రెండే మదర్' అన్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని 'ఈ వయసులో మరపు సహజం సిస్టర్' అంది. ఇంకోసారి చెబితే డాక్టరుకు చూపిస్తారే. అప్పుడు ఎనభైతో పాటు పిచ్చి కూడా ఫైలుకెక్కుతుంది."

మఠంలో పుట్టినరోజులు చెయ్యరు. మాటపట్టు నాడు, అంటే జీవితాంతం ఇక్కడే ఉంటానని ప్రమాణం చేసిన నాడు, ప్రతి సిస్టర్‌కూ ఒక పునీతురాలి పేరు పెడతారు. ఆ పునీతురాలి పండుగే వీళ్ళకూ పండుగ. కాబట్టి ఎవరి వయసు ఎంతో ఫైలుకు తప్ప ఎవరికీ తెలియదు.

పెద్దమ్మ గంగాళంలోంచి తల బయటికి తీసింది. "నాకు భయంగా ఉందే," అంది. ఆవిడ నోట ఆ మాట నేనెప్పుడూ వినలేదు. "కూర్చోబెట్టేస్తారు. పని లేకుండా కూర్చుంటే నేను ఏడాది తిరక్కుండా పోతాను. నా సంగతి నాకు తెలుసు."

నాకు ఏడుపొచ్చింది. నాకు ఏడుపు రాగానే వెంటనే కోపం వస్తుంది, అది మా వంశంలో ఉంది. ఇరవై రెండేళ్ళప్పుడు రోగులకు సేవ చేస్తానని తాతయ్యతో పోట్లాడి వచ్చి చేరిన మనిషి పెద్దమ్మ. చేర్చుకుని వంటగదిలో పెట్టారు. ఆస్పత్రి పనికి పంపమని మూడుసార్లు దరఖాస్తు పెట్టుకుంది. మూడుసార్లూ కాదన్నారు. దేవుడి చిత్తం అనుకుని యాభై ఏళ్ళు వండి పెట్టింది. ఇప్పుడు ఆ గరిటె కూడా లాక్కుంటున్నారు.

ఆ మధ్యాహ్నం బీరువా సిస్టర్ బీరువా తెరిచే ఉంచి ప్రార్థనకు వెళ్ళినప్పుడు, నెలాఖరుకు రావలసిన పెద్దమ్మ ఫైలును వరస తప్పించి తీశాను. అక్షరాలూ చూశాను, అర్థమూ చూశాను.

తండ్రి వృత్తి: రైలు డ్రైవరు.

మా తాతయ్య దర్జీ. జన్మలో ఒక్కసారి ఎవర్నో సాగనంపడానికి స్టేషనుకు వెళ్ళి, ఇంజను కూతకే కళ్ళు తిరిగి ఇంటికొచ్చిన మనిషి. కింద చూశాను. తోబుట్టువులు: అన్నదమ్ములు నలుగురు, అక్కచెల్లెళ్ళు లేరు. అంటే మా అమ్మ పుట్టలేదు. అమ్మే పుట్టకపోతే నేను పుట్టే ప్రశ్నే లేదు, అయినా కుర్చీలో కూర్చుని టైపు చేస్తున్నాను. పుట్టిన తేదీ ప్రకారం ఆ మనిషికి మొన్ననే ఎనభై నిండాయి.

పేజీ తిప్పాను. మొదటి తొమ్మిదేళ్ళ అభిప్రాయాలు ఒకే చేతిరాతలో ఉన్నాయి. "చురుకైనది." "గొంతు బాగుంది." "ప్రశ్నలు ఎక్కువ." తొమ్మిదో ఏడు: "వీధి తలుపు దగ్గర తరచు కనబడుచున్నది. బయటి పనులకు పంపరాదు." దాని కింద చేతిరాత మారింది. "పై విధంగానే." దాని కింద మళ్ళీ "పై విధంగానే." అక్కణ్ణుంచి ఐదారేళ్ళకొక మదర్ మారుతుంది, సిరా మారుతుంది, అక్షరం గుండ్రం నుంచి కోలకు మారుతుంది, మాట మాత్రం మారలేదు. నలభై తొమ్మిదిసార్లు ఉంది. ఎద్దు ఈనిందని ఒకరంటే దూడను కట్టెయ్యమని తొమ్మిదిమంది మదర్లు వరసగా చెప్పుకుంటూ పోయారు.

ఆ పేజీల వెనక పెద్దమ్మ పెట్టుకున్న మూడు దరఖాస్తులూ ఉన్నాయి. మూడింటి మీదా ఒకటే: "తిరస్కరించబడినది. కారణం: ఫైలు చూడుడు." ఆ ఫైలు చూసే హక్కు దరఖాస్తు పెట్టుకున్న మనిషికే లేదు.

అన్నిటికంటే అడుగున, మడతల్లో చిరిగిపోతున్న జ్ఞానస్నాన పత్రం ఒకటి ఉంది. తండ్రి వృత్తి: దర్జీ. అందులో మా తాతయ్య, మా అమ్మమ్మ, పెద్దమ్మ పుట్టిన తేదీ అన్నీ సరిగ్గా ఉన్నాయి. లెక్కేస్తే డెబ్బై రెండు.

సంగతి పూర్తిగా అర్థం కావడానికి, తరువాత బీరువా సిస్టర్ చెప్పినవీ కలుపుకుని, సాయంత్రం దాకా పట్టింది. మఠంలో పేర్లు వృథా చెయ్యరు. ఒక సిస్టర్ పోయినా, మానేసి వెళ్ళిపోయినా, ఆమె పేరు ఖాళీ అవుతుంది. కొత్తగా మాటపట్టు చేసిన పిల్లకు ఆ పేరు పెడతారు. రైలు డ్రైవరు కూతురు తొమ్మిదో ఏట ఆ వీధి తలుపులోంచే వెళ్ళిపోయింది. వెళ్ళిపోయినవాళ్ళ ఊసు మఠంలో ఎత్తరు. ఆరు నెలలకు ఆ పేరు మా పెద్దమ్మకు వచ్చింది. పాత ఫైలుకు సీలు వేసి, "ముగిసినది" అని రాసి, పెద్ద మఠానికి పంపి, కొత్త ఫైలు తెరవాలి. అలా చెయ్యకుండా ఎవరో పెద్దమ్మ కాగితాలు తెచ్చి పాత అట్టలోనే వెనక దోపేశారు. ఆ ఏడే కొత్త మదర్ వచ్చింది. ఆవిడకు ఎవరి ముఖమూ తెలియదు, ఫైలు తెరిచి పైవరస చదివి కింద వరస రాసింది.

ఫైలు చేతిలో ఉండగానే, ప్రార్థన నుంచి వచ్చిన బీరువా సిస్టర్‌కు దొరికిపోయాను. దొరికినదాన్ని నేను, చెమటలు పట్టింది ఆవిడకు.

"ఎవరు చేశారిది?" అన్నాను.

"నాకంటే ముందు ఫైళ్ళు చూసిన సిస్టర్. ఆ వెళ్ళిపోయినావిడా, ఈ ఫైళ్ళ సిస్టరూ ఒకే రోజు మాటపట్టు చేసినవాళ్ళు. ఇప్పుడు విశ్రాంతి గృహంలో మంచం మీద ఉంది. మతి లేదు." గొంతు తగ్గించింది. "మహా పొదుపు మనిషి అనేవాళ్ళమ్మా. దారం ముక్క కూడా పారేసేది కాదు."

అంటే ఒక అట్ట ఆదా చేశారు. ఆ అట్ట కోసం మా పెద్దమ్మను యాభై ఏళ్ళు పొయ్యి దగ్గర కూర్చోబెట్టారు. ఆ రోజు నా చేతికి దొరికితే ఆ మతిలేని ముసలావిడ్ని కూడా నిలబెట్టి నాలుగు దులిపేదాన్నే.

చెప్పనని సంతకం పెట్టాను కానీ మా ఇంట్లో ఎవరి నోట్లోనూ నువ్వుగింజ నానదు. ఇంటికెళ్ళి చెప్పులు విప్పకముందే అమ్మకు చెప్పేశాను. అమ్మ అంతా విని, "అక్కకు ఎనభై అంటే నాకు డెబ్బై ఏడా?" అంది. "నా వయసు పెంచడానికి ఆ మదర్ ఎవరు? రేపు వెళ్ళి అడుగు." తరువాత వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు బయటికి రాలేదు.

మరునాడు ఫైలు పట్టుకుని మదర్ గదికి వెళ్ళాను. ఆవిడ చెడ్డమనిషి కాదు. చదివింది, వెనక్కి తిప్పింది, మళ్ళీ చదివింది. ఎవరూ ఏమీ అనకముందే, "నేను మూడుసార్లే రాశాను," అంది. గుమ్మడికాయల దొంగ సామెత నా నోటిదాకా వచ్చింది కానీ మింగాను.

"ఇప్పుడేం చేస్తారు మదర్?"

"సరిచెయ్యాలంటే పెద్ద మఠానికి రాయాలి. వాళ్ళు సంఘం వెయ్యాలి. ఆరు నెలలు పట్టొచ్చు."

"సోమవారం బస్సు ఆరు నెలలు ఆగదు. ముందు పెద్దమ్మకు ఫైలు చూపించండి."

బీరువా సిస్టర్ గుమ్మంలోంచే అడ్డుపడింది. "కుదరదు మదర్! ఈ ఫైలు ఆవిడదైతే తన ఫైలు తాను చూడకూడదు."

"ఆవిడది కాదుగా," అన్నాను.

"కాకపోతే పరాయివాళ్ళ ఫైలు. అది అసలే చూడకూడదు."

పాపం ఆవిడకు ముందు నుయ్యి, వెనక గొయ్యి. నియమాన్ని అంతగా ప్రేమించే మనిషికి ఇంత కష్టం రాకూడదు. చివరికి మదరే దారి కనిపెట్టింది. చూపించకూడదని ఉంది కానీ చదివి వినిపించకూడదని లేదు. పెద్దమ్మను పిలిపించారు. చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు.

మదర్ మొదటి పేజీ నుంచి చదివింది. తరువాత "పై విధంగానే" అంటూ ఒక్కొక్కటే చదవడం మొదలుపెట్టి, ఏడో దాని దగ్గర ఆగిపోయింది.

"అన్నీ అదేనా మదర్?" అంది పెద్దమ్మ.

"అన్నీ అదే."

"నా గురించి ఏమీ లేదా?"

మదర్ పేజీలు మళ్ళీ వెనక్కి తిప్పి చూసింది.

"యాభై ఏళ్ళు మూడు పూటలా వండాను. కూరలో ఉప్పు ఎక్కువైందని కూడా ఎవరూ రాయలేదా? ఒకసారి పాలు మాడిపోయాయి, అందరూ పస్తున్నారు. అదైనా లేదా?"

"లేదు సిస్టర్."

పెద్దమ్మ అప్పుడు కూర్చుంది. ఏడవలేదు. నేను ఏడ్చాను. "దేవుడు వద్దంటున్నాడనుకున్నాను," అంది నెమ్మదిగా. "మూడోసారి కాదన్నప్పుడు, నాలో ఆయనకు మాత్రమే కనబడే లోపం ఏదో ఉందనుకుని ఇక అడగలేదు. ఈ అట్ట ఎవరిదో కూడా నాకు తెలియదు."

ఎవరు చేశారో బీరువా సిస్టర్ చెప్పింది. పెద్దమ్మ తల అటు తిప్పింది. "ఆవిడా? ముప్పై ఏళ్ళు నా చేతి అన్నం తిన్న మనిషి!"

మదర్ ఫైలు మూసింది. "మీకు డెబ్బై రెండే అని నేను ఒప్పుకుంటున్నాను. సోమవారం ప్రయాణం రద్దు చేస్తాను. నియమం ప్రకారం ఇంకా ఎనిమిదేళ్ళు మీరు హాయిగా వంటగదిలోనే ఉండొచ్చు." ఆవిడ అది నిజంగానే వరంలా ఇచ్చింది.

పెద్దమ్మ కాసేపు తన చేతుల వైపు చూసుకుంది. "అక్కడ మంచాలెన్ని మదర్?"

"ఎక్కడ?"

"విశ్రాంతి గృహంలో."

"ఇరవై ఆరు."

"చూసుకునేవాళ్ళు?"

"ముగ్గురు. సరిపోవడం లేదని నెలనెలా ఉత్తరాలు రాస్తున్నారు."

"అయితే ప్రయాణం రద్దు చెయ్యకండి. పడుకోడానికి కాదు, పనికి వెళ్తాను. నాలుగో దరఖాస్తు అనుకోండి." లేచి నిలబడింది. "ఆవిడ్ని కూడా ఒక మాట అడగాలి."

మదర్ కొత్త అట్ట తెప్పించింది. పేరు, పుట్టిన తేదీ, తండ్రి దర్జీ, ఒక చెల్లెలు అని తన చేత్తోనే నింపింది. అభిప్రాయం గడి దగ్గరికి వచ్చాక కలం పట్టుకుని చాలాసేపు కూర్చుంది. రోజుకు మూడుసార్లు పెద్దమ్మ వడ్డిస్తుంటే తిన్న మనిషి, ఆ ముఖం వైపు చూసి ఏం రాయాలో తోచక చివరికి ఇలా రాసింది: "బయటి పనులకు పంపవచ్చును." అలా పెద్దమ్మ సోమవారం అదే బస్సులో, అదే పెట్టెతో, నోటీసులో రాసిన చోటికే వెళ్ళింది.

మూడు వారాల తరువాత నేను చూడ్డానికి వెళ్ళాను. పొడుగాటి గది, రెండు వైపులా మంచాలు, కిటికీల నిండా ఆరేసిన దుప్పట్లు. పెద్దమ్మ ఒక మంచం నుంచి ఇంకో మంచానికి గబగబా నడుస్తోంది. అంత వేగంగా నడవగలదని నాకు తెలియదు, వంటగదిలో నడవడానికి చోటుండేది కాదు. ఒకావిడ వీపు తుడిచి, ఇంకొకావిడకు దిండు సర్ది, ఆ పక్కావిడతో అరిచి మందు మింగించింది. నన్ను చూసి, "ఊరికే నిలబడకపోతే ఆ బక్కెట్టు అందుకో," అంది. ముఖం వెలిగిపోతోంది. నాకు సంతోషంతో పాటు, ఇది యాభై ఏళ్ళ కిందటే దక్కాల్సిందన్న మంట కూడా లేచింది.

"ఆవిడ్ని అడిగావా?" అన్నాను.

"రోజూ అడగాలనే వెళ్తున్నాను. ఒకరోజు నన్ను వాళ్ళమ్మ అనుకుంటుంది, ఇంకోరోజు బిషప్పు అనుకుంటుంది. నిన్న నా చేతికి ముద్దు పెట్టి దీవెన అడిగింది. ఏం అడగనే?"

చివరి మంచం ఆవిడది. పిడికెడు మనిషి. పెద్దమ్మ జావ గిన్నెతో పక్కన కూర్చుని తల కింద చెయ్యి వేసి ఎత్తింది. నేను కాళ్ళ దగ్గర నిలబడ్డాను. నాలుగు దులపాలని దాచుకున్న మాటలు అన్నీ నా దగ్గర సిద్ధంగానే ఉన్నాయి.

రెండు చెంచాలు తాగాక ఆవిడ కళ్ళు పెద్దమ్మ మీద నిలిచాయి. "నువ్వెవరు?"

పెద్దమ్మ మఠంలో తనకు పెట్టిన పేరు చెప్పింది.

దుప్పటి కిందినుంచి ముసలావిడ చెయ్యి బయటికి వచ్చి పెద్దమ్మ మణికట్టు పట్టుకుంది. "వచ్చావా?" అంది. "ఇన్నాళ్ళా? నీ ఫైలు నేను ముయ్యలేదు, తెలుసా. సీలు వెయ్యమన్నారు. వేస్తే నువ్వు మళ్ళీ ఎలా వస్తావు? అందుకే వెయ్యలేదు. నీది నీకు అలాగే అట్టే పెట్టాను."

పెద్దమ్మ చేతిలో చెంచా ఆగిపోయింది.

"నీ పేరు ఇంకో పిల్లకు ఇచ్చారు," అంది ఆవిడ రహస్యంలా. "ఆ పిల్ల కాగితాలు నీ వెనకాలే పెట్టేశాను. ఎవరూ చూళ్ళేదు. ఆ పిల్ల మంచిది. నోరులేనిది. ఏమీ అనుకోదు."

నేను పెద్దమ్మ వైపు చూశాను. అడుగు, ఇప్పుడైనా అడుగు అని లోపల అరుస్తున్నాను. పెద్దమ్మ గిన్నెలోకి చూస్తూ కూర్చుంది. తరువాత చెంచాతో జావ తీసి, గిన్నె అంచుకు ఒత్తి, ఊది చల్లార్చింది.

"వచ్చానులే," అంది. "నోరు తెరువు."